అవ్వ కారు

పోయిన శుక్రవారం ఆరాధన ముగిశాక చర్చి మెట్ల మీద నిలబడి టీ తాగుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "సల్మాబాద్‌ల స్టిక్కర్ల దుకాణమాయన మీరేనా సార్? మా పెద్దబాపు పోయిండు సార్, నిన్న పొద్దుగాల. ఆయన ఫోన్‌ల మీ నంబరుంటే చేసిన" అన్నాడు అవతలి మనిషి. పెద్దబాపు అంటే వాళ్ళ వైపు పెదనాన్న. ఆ పెదనాన్న ఎవరో ఆయన చెప్పకముందే నాకు తెలిసిపోయింది. అయ్యో అన్నాను, ఎలా జరిగిందన్నాను, ఇలాంటప్పుడు అడగాల్సినవన్నీ వరసగా అడిగాను. పాస్టరమ్మ గారు దగ్గరికొచ్చి "ఎవరు బాబూ, బంధువులా?" అంటే "కాదండీ, తెలిసినాయన" అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇంటికెళ్ళేదాకా నన్ను నేను తిట్టుకున్నాను. మూడేళ్ళకి పైగా రోజూ చూసిన మనిషి ఆయన. ఆయన గురించి తెలుసుకోవాల్సిన ఒక్క సంగతీ నేను అడిగి తెలుసుకోలేదు. నాకు అంత తీరిక ఎక్కడిది? ఆయన నోరు తెరిస్తే చాలు, దాని మీద ఏం జోకు వెయ్యాలా అని చూస్తూ కూర్చునేవాణ్ణి.

బహ్రెయిన్‌లో బండికి ఏ జబ్బు చేసినా సల్మాబాద్ రావాల్సిందే. మా దుకాణంలో నంబరు ప్లేట్లు, స్టిక్కర్లు, బోర్డులు చేస్తాం. పక్క షెడ్డు గ్యారేజీ. అందులో ఆయన డెంటర్, అంటే గుద్దుకున్న బళ్ళ సొట్టలు తీసే మేస్త్రి. నన్ను తమ్మీ అనేవాడు, నేను అన్నయ్యా అనేవాణ్ణి. ఆయనది జగిత్యాల దగ్గర పల్లెటూరు, మాది రాజోలు పక్క. ఎంత దూరం వాళ్ళమైనా ఇద్దరం మాట్లాడేది తెలుగే కదా అనుకున్నాను. నా తప్పంతా అక్కడే మొదలైంది.

సొట్ట తీయడం ఆయన దగ్గర చూడాలి. ముందు సుత్తి పట్టేవాడు కాదు. జేబులోంచి రుమాలు తీసి రేకు మీద పరిచి, దాని మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని నెమ్మదిగా జరిపేవాడు. ఉత్త చేత్తో తడిమితే తెలియని ఎత్తుపల్లాలు గుడ్డ మీంచి తెలుస్తాయట. "కండ్లు మోసం జేత్తయి తమ్మీ. చెయ్యి చెయ్యదు" అనేవాడు. చెయ్యి ఒకచోట ఆగగానే "అగో, గీడ దాసుకున్నది" అని రేకుతోనే చెప్పేవాడు. రేకులతో, నట్లతో, ఎండతో కూడా మాట్లాడే మనిషి. మనుషులతో మాత్రం తక్కువ. ముప్పై ఏళ్ళకు దగ్గరగా ఇక్కడే ఉన్నా బహ్రెయిన్ అనే మాట ఆయన నోట నేను వినలేదు. "గీ దుబాయిల ఉక్కపోత జాస్తి" అనేవాడు. అన్నయ్యా, ఇది దుబాయి కాదు అని నేను సరిచేస్తే, "మా ఊరోళ్ళకు గదే దుబాయి" అని నవ్వేవాడు.

జుఫైర్‌లో ఉండే ఒక ఇంగ్లీషాయన, ముక్కలుగా డబ్బాల్లో వచ్చే కారు ఒకటి తెప్పించుకున్నాడు. ఇనప గొట్టాల చట్రం, ఫైబరు తొడుగు, వాటికి తగిలించడానికి ఏ పాత బండి ఇంజనైనా మనమే వెతుక్కోవాలి. ఇద్దరే కూర్చునే చిన్న బండి, పైన కప్పు ఉండదు. సగం కట్టించాక ఆయన ఉద్యోగం పోయి, డబ్బాలన్నీ గ్యారేజీలో వదిలేసి దేశం వెళ్ళిపోయాడు. ఏడాదైనా ఎవరూ రాలేదు. ఆ తుక్కు తీసి పారేయమని గ్యారేజీ యజమాని చెబితే, మేస్త్రి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, అది నాకిమ్మని అడిగాడు. ఎన్నడూ ఏమీ అడగని మనిషి అడిగేసరికి ఆ బహ్రెయినీ ఆయన కాసేపు ఆశ్చర్యపోయి, "నీదే, ఖలాస్" అనేశాడు. రోడ్డెక్కించడానికి కాయితాలు రావని కూడా చెప్పాడు. రాకపోయినా ఫరవాలేదన్నాడు మేస్త్రి.

అప్పటినుంచి డ్యూటీ అయ్యాక గంటసేపు, శుక్రవారాలు పూర్తిగా ఆ కారుతోనే గడిపేవాడు. తనకి రాని పనులు వచ్చినవాళ్ళ చేత చేయించేవాడు. వైర్ల పని పాకిస్తానీ ఎలక్ట్రీషియన్ భాయ్‌ది, సీట్లు కుట్టింది ఒక బెంగాలీ. వాళ్ళకి సర్వపిండి చేసి పెట్టేవాడు, గిన్నెకి అతుక్కున్న మాడుతో సహా. నాకూ రెండు ముక్కలు వచ్చేవి, నా పని ఇంకా మొదలు కాకపోయినా.

ఒకరోజు ఆయన రుమాలు పరిచి కారు తొడుగు తడుముతుంటే అడిగాను. "ఇంతకీ ఎవరి కోసం అన్నయ్యా ఈ కారు?"

"మా అవ్వ కోసం."

"అవ్వకా! అవ్వకి ఈ కారా?"

"అవు. ఫోన్‌ల అడిగింది. టాపు లేని కారు గావాలన్నది. టాపుంటే లోపట ఎవలున్నరో కనవడదట. ఊరంత సూడాలెనట."

మా వైపు అవ్వ అంటే ముసలమ్మ. కథల్లో కర్ర పట్టుకుని వచ్చేది అవ్వే. పళ్ళూడిపోయిన ముసలమ్మ కప్పులేని కారులో ఊరేగుతానని మనవడికి ఫోన్ చేయడం ఊహించుకుంటే నాకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. నవ్వి, "ఇప్పుడెలా ఉన్నారు అవ్వ?" అన్నాను.

"లేదు తమ్మీ. సచ్చిపోయింది. జరమచ్చి మూడొద్దులల్ల పోయింది. ఈడ సెలవు దొరికి నేను పొయ్యేటాళ్ళకు బొందవెట్టిన్రు."

నేను వెంటనే ముఖం మార్చాను. చర్చిలో పరామర్శలు మాకు బాగా అలవాటు. "బాధపడకండన్నయ్యా. పెద్దావిడ కదా, అన్నీ చూసిన మనిషి. చేతుల మీద వెళ్ళిపోయారు, అదృష్టవంతురాలు" అన్నాను.

రుమాలు మీద ఆయన చెయ్యి ఆగింది. నావైపు చూశాడు. తర్వాత చిన్నగా నవ్వి, "అవు తమ్మీ, అన్ని సూసింది" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

బొందపెట్టారు అన్న మాట దగ్గర వాళ్ళ వైపు మనిషి ఎవడైనా ఆగేవాడు. వాళ్ళలో పెద్దవాళ్ళని కాలుస్తారు, పసివాళ్ళనే పూడుస్తారు. మా అమ్మనీ, నాన్ననీ, తాతనీ పాతిపెట్టిన మట్టి చూసినవాణ్ణి నేను. నాకు ఆ మాటలో ఏ తేడా కనిపించలేదు. పెద్దావిడని "అడిగింది, అన్నది, పోయింది" అంటున్నాడేమిటి అని మాత్రం కొంచెం అనిపించింది. వాళ్ళ మాట తీరే అంతలే అని సరిపెట్టుకున్నాను. ఎన్నేళ్ళు ఆవిడకి అని ఒక్కసారి అడిగుంటే సరిపోయేది. అడగలేదు, ఎందుకంటే నాకు తెలుసనుకున్నాను.

ఆ రోజు నుంచి అవ్వ నా నోటికి దొరికింది. నాకు నోటిదూల ఎక్కువని మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టింది. ఆయన పక్క సీటుని బాగా ఎత్తు చేయిస్తుంటే, "నడుం వంగిపోయి ఉంటుంది కదా, ఆ మాత్రం ఎత్తు ఉండాలి" అన్నాను. కాళ్ళు కిందికి అందవని చిన్న చెక్కపలక బిగిస్తుంటే, "కర్ర పెట్టుకోడానికి కూడా ఒక కొక్కెం కొట్టండి" అన్నాను. నిజంగానే ఒక కొక్కెం కొట్టాడు. ముందు భాగంలో మూతతో ఒక చిన్న అర చేయించాడు. అందులో ఏం పెడతారంటే పుట్నాలన్నాడు. మళ్ళీ తనే ఆలోచించి, "పుట్నాలొద్దు. అవ్వకు ముందటి పండ్లు లెవ్వు. మెత్తటియి ఏమన్న వెట్టాలె" అన్నాడు.

"ఉన్న నాలుగు పళ్ళూ కూడా ఈ బండి కుదుపుకి రాలిపోతాయి లెండి. ఏరుకోడానికి సంచీ పెట్టండి" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. కళ్ళలో నీళ్ళు వస్తే రుమాలుతో తుడుచుకున్నాడు. ఆ నీళ్ళు నా జోకు గొప్పతనమే అనుకున్నాను. సాయంత్రం రూముకి వెళ్ళి మా వాళ్ళకి కూడా చెప్పాను.

పోనుపోను ఆయనే అడిగి మరీ వేయించుకునేవాడు. టీ వేళకి మా కౌంటరు మీద మోచేతులు ఆనించి, "ఇప్పుడు అవ్వకు ఎన్నేండ్లంటవ్ తమ్మీ?" అనేవాడు. "ఎనభై మూడు. నిన్ననే కళ్ళజోడు మార్చాం" అనేవాణ్ణి. ఇంకోరోజు "ఎనభై ఏడు. చెవులు పోయాయి, గట్టి హారను పెట్టండి" అంటే వెళ్ళి ఎలక్ట్రీషియన్ భాయ్ చేత లారీ హారను పెట్టించాడు. అది మోగితే రెండు షెడ్లవతల వాళ్ళు కూడా ఉలిక్కిపడేవాళ్ళు. "తొంభై. ఇప్పుడు మునిమనవలు ఐదుగురు" అన్నరోజు ఆయన టీ తాగడం ఆపి, "అయిదుగురా! ఆడివిల్లలెందరు?" అని అడిగాడు. ముగ్గురని చెప్పాను. సంబరంగా తలూపుతూ వెళ్ళాడు. ఇంత పెద్దమనిషి ఇంత అమాయకుడేమిటి అని అప్పుడు నేను నవ్వుకున్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

కారు పూర్తయ్యే వారం వచ్చింది. వెనక డిక్కీ మూత మీద అవ్వ పేరు మీద ఏదైనా రాయమని నన్ను అడిగాడు. "ఏం రాయమంటారు?" అంటే "నీకే ఎర్క, నువ్వే రాయి" అన్నాడు. ఆయన డ్యూటీలో ఉండగా రెండు రోజులు కూర్చుని బ్రష్షుతో గీశాను. స్టిక్కరు కాదు, చేతి పని. బోసినోటి ముసలమ్మ, కళ్ళకి నల్లద్దాలు, గాలికి లేచిన తెల్లజుట్టు, ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో కర్ర గాల్లోకి ఎత్తి. కింద "తప్పుకోండి, అవ్వ వస్తోంది" అని రాశాను. నేను గీసినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. పైన న్యూస్‌పేపరు కప్పి టేపు అంటించాను.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ చేరారు. గ్యారేజీ యజమాని ఖర్జూరాలు తెచ్చాడు. మేస్త్రి స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిమ్మకాయలు, కొబ్బరికాయ, పసుపు, అగరొత్తులతో వచ్చాడు. సంచీలోంచి ఒక ఫోటో ఫ్రేము తీసి కారు ముందు పెట్టాడు. నేను దగ్గరికెళ్ళి చూశాను. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, బడి యూనిఫారం. నవ్వుతున్న నోట్లో ముందు పళ్ళు రెండూ లేవు.

"ఎవరన్నయ్యా ఈ పాప?" అన్నాను.

"ఎవలంటవేంది? మా అవ్వ. నా బిడ్డ."

పక్కనే నిలబడ్డ ఆయన రూమ్మేటు, వాళ్ళ ఊరివాడే, నాకు తెలియదని అప్పుడే అర్థమై చెప్పాడు. మేస్త్రి కన్నతల్లి చనిపోయిన ఏడాదే పుట్టిందట ఆ పాప. తల్లి పేరే పెట్టుకున్నారు. తల్లిని పేరు పెట్టి పిలవలేడు కదా, వాళ్ళ వైపు అవ్వ అంటే అమ్మే, అందుకని పుట్టినప్పటినుంచీ అవ్వా అనే పిలిచాడు. తండ్రి రెండు మూడేళ్ళకోసారి వస్తాడు. బళ్ళో పిల్లలు నీకు బాపే లేడని ఏడిపించేవాళ్ళు. అందుకని కప్పులేని కారులో రమ్మంది, వచ్చినవాడు ఊరందరికీ కనపడాలని. ఎనిమిదేళ్ళకే జ్వరంతో పోయింది.

నేను వెనక్కి వెళ్ళి డిక్కీ మూతకి అడ్డంగా నిలబడ్డాను. పెయింటు పచ్చిగా ఉంది, రేపు తీద్దామన్నాను. "అరే భాయ్, యల్లా, దిఖావో" అంటూ ఎలక్ట్రీషియన్ భాయ్ నన్ను సరదాగా పక్కకి తోసి పేపరు లాగేశాడు. తెలియనివాళ్ళందరూ గొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు. యజమాని అయితే తన ఫోన్ తీసి ఫోటో తీసుకున్నాడు. రూమ్మేటు ఒక్కడే నవ్వలేదు. "ఏందిది? సచ్చిపోయిన పోరి బొమ్మ గిట్లనా గీసేది? సిగ్గున్నదా నీకు?" అని నా మీదికి వచ్చాడు.

"నువ్వు ఊకో" అన్నాడు మేస్త్రి. బొమ్మ దగ్గరికి వచ్చాడు. రుమాలు తియ్యలేదు. పెయింటు ఆరిందో లేదో వేలితో చూసుకుని, ఉత్త అరచెయ్యి ఆ ముసలిముఖం మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కొబ్బరికాయ కొట్టాడు. షెడ్ల వెనక సందులో కారు అటోసారి ఇటోసారి నడిపాడు. పక్క సీట్లో ఫోటో పెట్టుకున్నాడు.

అందరూ వెళ్ళాక థిన్నరు డబ్బా, గుడ్డ పట్టుకుని వెళ్ళాను. "రెండు నిమిషాలన్నయ్యా, చెరిపేస్తాను. నాకు తెలియదు. మీ అమ్మమ్మో నానమ్మో అనుకున్నాను. నా నోరు పడిపోను" అన్నాను.

ఆయన నా చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. "చెరుపకు. నీకు ఎర్కలేదని నాకెర్కే తమ్మీ."

"ఎప్పటినుంచి?"

"పెద్దావిడ గదా అన్నవ్ సూడు, ఆనాడే ఎర్కయింది."

"మరి చెప్పలేదేమిటన్నయ్యా? ఏడాదిన్నర..."

"చెప్తే నువ్వు గిట్ల మాట్లాడుతుంటివా? ఇంటికి పోయినా, రూముల ఉన్నా అందరు అయ్యో ఎనిమిదేండ్లకే పాయెనా అంటరు. ఇగ దానికి ఎన్నటికీ ఎనిమిదే. నీకాడికొస్తె ఎనభై అయితుండె, తొంభై అయితుండె. కండ్లద్దాలు, మనుమరాండ్లు. నేనైతే గంత దూరం ఆలోచన జెయ్యలె. నువ్వే జేసినవ్." బొమ్మ వైపు చూసి, "గిట్లనే అవుతుండెనేమో. గిట్లనే బెదిరిస్తుండె అందరిని" అన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే నాకు బాగానే ఉంటుంది. క్షమించాడు, కథ ముగిసింది అనుకోవచ్చు. కానీ నేను అంతకన్నా పెద్ద తప్పు చేసింది ఆ తర్వాత.

మర్నాడు టీ వేళకి ఆయన మామూలుగానే వచ్చాడు. కౌంటరు మీద మోచేతులు ఆనించి, "ఎట్లున్నది అవ్వ?" అన్నాడు. నేను లేచి నిలబడి కుర్చీ జరిపాను. "కూర్చోండన్నయ్యా" అన్నాను. ఆయన ఇంకోసారి, "ఏమన్న అను తమ్మీ" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "దేవుడు మిమ్మల్ని ఆదరిస్తాడన్నయ్యా, నేను ప్రార్థన చేస్తున్నాను" అన్నాను. ఆయన సగం టీ వదిలేసి వెళ్ళాడు.

రోజూ అంతే. ఆయన మాట అందిస్తాడు, నేను అందుకోను. ఎండ గురించి, సెలవుల గురించి మాట్లాడతాను. చచ్చిపోయిన పాప మీద ఇంకా జోకులా, నేను మనిషిని కాదా అనుకునేవాణ్ణి. తలొంచుకుని, గొంతు తగ్గించి, అందరూ పెట్టే ముఖమే నేనూ పెట్టేవాణ్ణి. అది మర్యాదనుకున్నాను. నిజానికి నా సిగ్గు నాకు ముద్దొచ్చింది. దాన్ని కాపాడుకోవడం కోసం ఆయన అడిగింది ఇవ్వలేదు. రెండు నెలలకి ఆయన టీకి రావడం మానేశాడు.

ఆ తర్వాతి ఏడాది ఊపిరి ఆడటం కష్టమై పని వదిలేసి ఇంటికి వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యాడు. కారు గ్యారేజీ యజమాని ఇంటి ఆవరణలో పెట్టించాడు, ఆయన మనవలు అందులో కూర్చుని ఆడుకుంటారట. వెళ్ళేరోజు మధ్యాహ్నం గ్యారేజీ ముందు వ్యాన్ ఆగింది. సామాను ఎక్కించాక అందరినీ కౌగిలించుకుని, చివర్లో మా దుకాణానికి వచ్చాడు. ఏడాది తర్వాత మళ్ళీ మోచేతులు కౌంటరు మీద ఆనించాడు.

"ఇప్పుడు అవ్వకు ఎన్నేండ్లు తమ్మీ?" అన్నాడు.

ముఖంలో నవ్వు సిద్ధంగా పెట్టుకుని అడిగాడు. తొంభై రెండు అని నాలుక చివరిదాకా వచ్చింది. వ్యాన్ డ్రైవరు హారను కొడుతున్నాడు. ఆ రూమ్మేటు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు. వాడి ముందు నేను మంచివాడిలా కనపడాలనుకున్నాను.

"ఎనిమిదండీ" అన్నాను.

ఆయన నవ్వు అలాగే కాసేపు ఉండి, పోయింది.

"అవు తమ్మీ, ఎనిమిదే" అన్నాడు. "జర మరిచిపోయిన." నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, వెళ్ళి వ్యాన్ ఎక్కాడు.